అత్తమ్మ తలకు ఇరవై రెండు రోలర్లు

రోలర్లు ఎలా చుట్టాలని ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే. తలలో నూనె చుక్క కూడా ఉండకూడదు. ఈ చిన్న మాటను మా అత్తమ్మ చేత ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒప్పించాను అని నేను ధైర్యంగా ఉన్న రోజునే, ఒప్పించలేదని తెలిసింది.

పాప ఇప్పుడే పడుకుంది. నుదురు మీద చెయ్యి పెట్టి రెండుసార్లు చూశాను, చల్లగానే ఉంది. ఇది రాయడానికి కూర్చున్నాక మూడోసారి కూడా లేచి చూసి వచ్చాను.

మేం సారపాకలో కిరాయికి ఉంటున్నాం. మా ఆయన కాగితం మిల్లులో కాంట్రాక్టు మీద సూపర్‌వైజరు. నేను ఖమ్మంలో డిగ్రీ చదివాను కాబట్టి ఏదో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరతానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పాపకు ఏడో నెలలో జ్వరం వచ్చి, జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. దవాఖానాలో డాక్టరు "చిన్నపిల్లలకు ఇది మామూలే, పెద్దయితే పోతుంది" అన్నారు. ఆయనకు మామూలే. నా చేతుల్లో బిడ్డ కట్టెలా బిగుసుకుపోవడం చూసిన నాకు ఆ తర్వాత పాపను వదిలి వీధి చివరి దుకాణానికి వెళ్ళాలన్నా కాళ్ళు ఆడేవి కాదు. బడి ఉద్యోగం అంటే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. అది నా వల్ల కాదు. కానీ మా ఆయన కాంట్రాక్టు ఏడాదికోసారి ఊగుతూ ఉండేది, నేనూ ఏదో ఒకటి చెయ్యక తప్పదు.

అందుకే భద్రాచలంలో బ్యూటీషియన్ కోర్సులో చేరాను. మూడు నెలలు, రోజుకు రెండు గంటలు. సర్టిఫికెట్ చేతికొస్తే ఇంటి ముందు గదిలోనే పని పెట్టుకోవచ్చు, పాప నా కళ్ళ ముందే ఉంటుంది. నాకు కావలసింది ఆ ఒక్క కాగితం. దానికి చివరి పరీక్ష రోలర్ సెట్. తడి జుట్టుకు రోలర్లు చుట్టి, ఆరబెట్టి, విప్పి, పట్టులా జారేటట్టు చూపించాలి. ఎవరి మోడల్‌ని వాళ్ళే తెచ్చుకోవాలి.

రోలర్లు అంటే ఉంగరాల జుట్టు కోసమే అనుకుంటారు చాలామంది. సన్నవి చుడితే ఉంగరాలే వస్తాయి. చాయ్ గ్లాసంత లావువి తీసుకుని, జుట్టును కుదురు దగ్గర నుంచి బిగువుగా పైకి లాగి చుట్టి, పూర్తిగా ఆరనిస్తే మాత్రం ఎంత బిరుసు జుట్టయినా నున్నగా దిగుతుంది. కరెంటు ఇస్త్రీ అక్కర్లేదు. కరెంటును నమ్ముకునే ఊరు కాదు కదా మాది.

తోటి అమ్మాయిలకు చెల్లెళ్ళున్నారు, వదినలున్నారు. నా చెల్లెలు ఖమ్మంలో పరీక్షల్లో ఉంది. పక్కింటి అక్కను అడుగుదామంటే, నేను వెళ్ళినప్పుడు పాపను చూసుకునేది ఆమే, మందు చుక్కలు లెక్కపెట్టడం అత్తమ్మ కళ్ళకు ఆనదు. ఇక మిగిలింది మా అత్తమ్మ.

అత్తమ్మది ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు. పాపకు ఫిట్స్ వచ్చిన వారం వచ్చింది, నా మొహం చూసి సంక్రాంతి దాకా తిరిగి పోలేదు. యాభై దాటినా నడుము దాటిన జుట్టు, గుప్పిట పట్టదు. ముందు భాగంలో నాలుగు తెల్ల వెంట్రుకలు తప్ప అంతా నలుపే. దానికంతటికీ కారణం ఇప్పనూనె అంటుంది. ఇప్ప గింజలు పట్టించి తీసిన నూనె, ఊరి నుంచి వచ్చేటప్పుడు సీసాలో తెచ్చుకుంది. వాసన గది నిండా ఉంటుంది. చలికాలం వస్తే సీసాలోనే నెయ్యిలా గడ్డకడుతుంది, పుల్లతో తీసి అరచేతిలో కరిగించి రాసుకుంటుంది.

"అత్తమ్మా, మీ జుట్టు కావాలి నాకు" అన్నాను.

"ఏంది, సవరం చేపిస్తవా?"

"కాదు, తల మీదనే ఉంటది. రెండు గంటలు కదలకుండ కూసుంటే చాలు."

"రెండు గంటలు కూసునే మనిషినైతే నేను నీ మామతోని నలభై ఏండ్లు ఎట్ల ఏగిన?" అంది. ఒప్పుకున్నట్టే లెక్క.

మొదటి ప్రయోగం మా ఆయన తెలివి వల్ల పాడయింది. నా దగ్గరున్న ప్లాస్టిక్ రోలర్లు సన్నవి. లావువి భద్రాచలంలో దొరకలేదు. "దానికింత ఆలోచన ఎందుకు?" అని ఆయన, కాగితం చుట్టే అట్ట గొట్టాల తుక్కు నుంచి సరిగ్గా కావలసినంత లావు ముక్కలు కోసి తెచ్చారు. చూడ్డానికి అచ్చు రోలర్లే. కాగితం మధ్య బతికే మనుషులు కదా, అట్ట దేనికైనా పనికొస్తుందని నమ్మకం. నేనూ నమ్మాను. తడి జుట్టుకు చుట్టాను. అర్ధగంటలో అట్ట నీళ్ళు తాగి ఉబ్బింది, పొరలుగా ఊడింది, గుజ్జు జుట్టుకు అంటుకుంది. ఒక్కో ముక్క చింపి తీస్తుంటే అత్తమ్మ "నా తలల పేపరు తయారు చేస్తున్నరా ఏంది మీ ఆలుమగలు" అని తిట్టింది. ఆ గుజ్జు పోవడానికి మూడు రోజులు దువ్వాను. ఈయన మాత్రం "ఎండాకాలమైతే పని చేసేది" అన్నారు.

ఖమ్మం నుంచి చెల్లెలు లావు రోలర్లు పంపింది, ఇరవై రెండు. అప్పటి నుంచి ఒక్కో తప్పూ చేసి ఒక్కోటీ నేర్చుకున్నాను. తువ్వాలుతో బరబరా తుడిస్తే జుట్టు పీచులా లేస్తుంది, పాత బనియనుతో మెత్తగా ఒత్తాలి. పాయ రోలరు వెడల్పు కంటే ఎక్కువ తీసుకుంటే పక్కలు జారిపోతాయి. కొసలు మడత పడితే ఆరాక గాలంలా వంకరగా నిలబడతాయి, అందుకని కొసను పల్చటి కాగితం ముక్కలో పెట్టి చుట్టాలి. ఆ కాగితానికి మాత్రం మా ఇంట్లో కరువు లేదు. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా ఆరేదాకా విప్పకూడదు. పైకి ఆరినట్టుంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. చెమ్మ ఉండగా విప్పారా, పది నిమిషాల్లో పొంగుతుంది, చేసిందంతా మట్టి.

మూడోసారికి కుదిరింది. విప్పి, వేళ్ళతో సాపు చేసి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో దువ్వితే అత్తమ్మ జుట్టు నడుము కింద దాకా నీళ్ళలా దిగింది. సంతోషం పట్టలేక అద్దం ఎదురుగా కూర్చోబెట్టాను. ఆమె ఒక్క చూపు చూసి లేచిపోయింది.

"చచ్చినోళ్ళ ఇంటికాడ కూసున్నట్టున్న. నూనె లేదు, ముడి లేదు. పసిపిల్ల ఉన్న ఇంట్ల ఇదేం పని."

వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు తలకు నూనె లేకుండా, జుట్టు విరబోసుకుని కనిపించేది చావు ఇంట్లోనే. ఆ సంగతి నాకు తెలియక కాదు, పట్టించుకోలేదు. "పరీక్ష రోజు ఒక్కటే అత్తమ్మా" అని బతిమాలాను. "అవ్, సరే" అంది. నేను ఆ మాటను నమ్మాను. ఆమె అబద్ధం చెప్పిందని కాదు. పరీక్ష రోజు ఆ జుట్టుతో గోదావరి దాటాలని ఆమెకు నేను చెప్పలేదు. పరీక్ష మా ఇంట్లోనే అనుకుంది.

డిసెంబరు నెల, పరీక్ష రోజు. పొద్దున ఆరు గంటలకే ఆమెకు షాంపూతో తలంటాను, నూనె జాడ లేకుండా. తడి తలకు బనియను చుట్టాను. తర్వాత పాపకు ఉగ్గు పెట్టడం, ఒళ్ళు చూడటం, పక్కింటి అక్కకు మందు సీసా చూపించి జ్వరం వస్తే ఎన్ని చుక్కలో మూడుసార్లు చెప్పడం. అక్క చర్చిలో పాటలు పాడుతుంది, క్రిస్మస్ ముందు రోజూ ప్రాక్టీసు.

"చెల్లే, రెండింటికి నేను చర్చికి పోవాలె. నువ్వు రాకపోతే పాపను ఎత్తుకొని పోత. సరేనా?"

"ఒంటిగంటన్నరకల్లా వచ్చేస్తా అక్కా. అక్కడ గాలి తగులుతుంది, వద్దు."

"నువ్వు ముందుగల పో తల్లీ."

షేర్ ఆటోలో వంతెన దాటి, శిక్షణ కేంద్రం మెట్లెక్కి, అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె కొంగు తల మీద నుంచి దింపలేదు. నేను దింపాను. గట్టిగా వేసిన కొప్పు. నిగనిగలాడుతోంది. గది నిండా ఇప్పనూనె వాసన.

"అత్తమ్మా!"

"మరి ఊరు దాటి పోతుంటే? గోదారమ్మ మీదికెల్లి తల విరబోసుకొని పోతరా ఎవరన్న? నువ్వు పిల్లకు తినిపిచ్చేటప్పుడు జర్రంత రాసుకున్న."

జర్రంత! వేలు పెడితే వేలు జిడ్డు. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి టైం లేదు. మాకు నేర్పే మేడం సత్తుపల్లి వైపు ఆవిడ, మాట మెత్తగా ఉన్నా లెక్క కచ్చితం. ముక్కు మీద వేలు పెట్టుకుని చూసింది.

"ఏంటమ్మా ఇది? మూడు నెలలు నేను చెప్పిందేంటి, నువ్వు తెచ్చిందేంటి? పది నుంచి ఒంటిగంట దాకా టైం. ఏం చేసుకుంటావో చేసుకో."

అక్కడ ఒకటే కొళాయి, చల్లటి నీళ్ళు. షాంపూ పొట్లాలు రెండు చింపి రుద్దాను. చల్లటి నీళ్ళు తగలగానే నూనె కరగడం మాని గడ్డకట్టింది. వెంట్రుకలు కొవ్వొత్తి దారాల్లా ఒకదానికొకటి అంటుకున్నాయి. మరో పొట్లం చింపాను, ఇంకా గట్టిపడింది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన మనిషిని నేను. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

అత్తమ్మ తల ఎత్తి, "ఓ పిల్లా, దీనికి వేడినీళ్ళు కావాలె. చల్లనీళ్ళకు ఇప్పనూనె పోతదా ఎక్కడన్న?" అంది.

"అది ముందు చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగినవా?"

తడి తలతో, మెడ చుట్టూ బనియనుతో ఆమే మెట్లు దిగింది. నేను వెనకాలే పరిగెత్తాను. కింద చాయ్ దుకాణం.

"తమ్మీ, చాయ్ వద్దు. రెండు బకెట్ల వేడినీళ్ళు కావాలె."

"ఇది హోటలమ్మా, నీళ్ళ బాయి కాదు."

"నీ చాయ్‌ల ఉన్నయి నీళ్ళే కదా? పాలు కలపకముందు గవే ఇయ్యి."

దుకాణదారు ఆమె తల వంక చూసి భయపడ్డాడో, జాలిపడ్డాడో తెలియదు. "గా తల ఏందమ్మా, వెన్నముద్ద లెక్క?" అని గొణుగుతూ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టాడు. రెండు బకెట్లు మోసి పైకి తెచ్చేసరికి నా చేతులు ఊడిపోయాయి. కానీ వేడినీళ్ళు పడగానే జిడ్డంతా కరిగి నురగతో పాటు పోయింది. పదకొండు దాటింది.

ఇరవై రెండు రోలర్లు. పాయ తియ్యడం, కింద నుంచి దువ్వడం, బిగువుగా లాగడం, కొసకు కాగితం, చుట్టడం, పిన్ను. చేతులు వాటంతట అవే చేశాయి. చివరి పిన్ను పెట్టేసరికి పన్నెండుకు అయిదు నిమిషాలు. అక్కడున్న ఒక్క డ్రయరూ కరెంటు పోయి ఎప్పుడో ఆగిపోయింది. అందరం మోడళ్ళను డాబా మీదికి ఎక్కించాం. శీతాకాలపు ఎండ, వెచ్చగా ఉంటుంది కానీ పని చెయ్యదు. కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. "అబ్బో, ఆకాశవాణి స్టేషను పెట్టిన్రు పైన!" అని ఒకడు అరిచాడు. అత్తమ్మ కొంగు కప్పుకోబోయింది, ఎండ తగలదని నేను లాగేశాను.

పన్నెండున్నరకు మిగతావాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. నా మనసు పాప మీదికి పోయింది. కిందకు దిగి ఎస్టీడీ బూత్ నుంచి మా వీధి కిరాణా దుకాణానికి ఫోను చేశాను. దుకాణం ఆయన పోయి చూసి వచ్చి, "ఆడుకుంటుంది అమ్మా, మంచిగుంది" అన్నాడు. నిజంగా చూశాడా, లేక గల్లాపెట్టె దగ్గర నుంచే చెప్పాడా? మళ్ళీ చేసి "ఒళ్ళు వెచ్చగా ఉందేమో అడగండి" అన్నాను. ఈసారి ఫోను పెట్టేశాడు.

ఒంటిగంటకు మేడం పైకి వచ్చింది. ఒక్కొక్కరినీ చూస్తోంది. ముందే విప్పినవాళ్ళ జుట్టు ఎండలో పది నిమిషాలకే పొంగి దూదిలా లేచింది. నేను అత్తమ్మ మెడ దగ్గరి రోలరు ఒకటి కదిపి, వేలు పెట్టి చూశాను. చల్లగా తగిలింది. చెమ్మ.

"విప్పేయమ్మా" అంది మేడం. "ఉన్నదాన్ని బట్టి మార్కులు వేస్తాను. నీకూ ఇంటి దగ్గర పాప ఉంది కదా."

ఆ మాట చాలు నాకు. పాప ఉంది. రెండింటికి అక్క చర్చికి పోతుంది, అక్కడ తలుపులన్నీ తీసి ఉంటాయి. పిన్ను మీద చెయ్యి వేశాను. ఇప్పుడు విప్పితే పరీక్ష పోతుందని తెలుసు. పరీక్ష పోతే జూన్‌లో బడిలో చేరాలని కూడా తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు.

అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు. పచ్చికట్టె పొయ్యిల పెడితే పొగ తప్ప మంట వస్తదా? ఆరనియ్యి."

"పాప అత్తమ్మా..."

"పిల్లకు ఆకలైతే ఏడుస్తది. ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటరు. ఇద్దర్ని కన్న, పొలంల పండబెట్టి నాటేసిన. చచ్చిన్రా? ఒకడు నీ మొగుడే." తర్వాత మేడం వైపు తిరిగింది. "అమ్మా, మీరు అన్నం తిన్నరా?"

"ఇంకా లేదండి."

"తినిరాపోండి. మీరు తిని చేతులు కడుక్కునే లోపు ఆరుతది. తినకముందు చూస్తే కండ్లకు ఏం మంచిగ కనపడదు."

మేడం నవ్వేసింది. డబ్బా తీసుకుని కిందికి వెళ్ళింది.

ఆ ముప్పావుగంట నా జీవితంలో పొడవైన ముప్పావుగంట. అత్తమ్మ కుర్చీ ఎండ వైపు జరుపుకుని కూర్చుంది, కదలలేదు. రెండు గంటలు కూర్చునే మనిషిని కానన్న ఆమె! నేను డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. "కూసో, నీ నీడ నా మీద పడుతున్నది" అని కసిరింది.

మేడం తిరిగి వచ్చాక మెడ దగ్గరి నుంచి మొదలుపెట్టి పైకి విప్పుకుంటూ వచ్చాను. రోలరును లాగకుండా, చుట్టిన దారినే తిప్పి. వేళ్ళకు పొడిగా, కొద్దిగా వెచ్చగా తగిలింది. చల్లారేదాకా రెండు నిమిషాలు ఆగి వేళ్ళతో దులిపాను. మేడం నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది, అత్తమ్మ నడినెత్తిన గుచ్చి వదిలేసింది. దువ్వెన ఎక్కడా ఆగకుండా జారి కింద పడింది.

"నూనెతో తెచ్చినందుకు, ఆలస్యానికి మార్కులు కోస్తాను. జుట్టుకు మాత్రం కొయ్యలేను" అంది మేడం. పాస్.

సారపాకలో ఆటో దిగి ఇంటికి కాదు, నేరుగా చర్చికి పరిగెత్తాను. లోపల డోలక్కు, తాళాలు, ఇరవై గొంతులు. ఆ మోతలో ఎవరో పెద్దావిడ ఒళ్ళో నా కూతురు నోరు తెరిచి నిద్రపోతోంది. నుదురు ముట్టుకున్నాను. చల్లగా ఉంది. నన్ను చూసి అక్క పాట ఆపకుండానే కనుబొమలు ఎగరేసింది, పరీక్ష ఏమైందని. నేను తల ఊపాను. ఎత్తుకోగానే పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది. పెద్దావిడ ఒళ్ళో మంచిగానే ఉంది కదా మరి!

సంక్రాంతికి అత్తమ్మ తన ఊరికి పోయాక ముందు గదిలో పని పెట్టాను. సర్టిఫికెట్ గోడకు వేలాడదీశాను. బ్యూటీషియన్ అయితే పాప నా కళ్ళ ముందే ఉంటుందనుకున్నాను కదా, అది సగమే నిజం. కళ్ళ ముందు ఉంటుంది, చేతుల్లో ఉండదు. ఎవరి తలో ఒకటి నా చేతుల్లో ఉంటే, పాప నా చీర పట్టుకుని నిలబడి ఏడుస్తుంది. రెండు చేతులూ జుట్టులో ఉన్న మనిషి బిడ్డను ఎత్తుకోలేదు. ఇది కోర్సులో ఎవరూ చెప్పలేదు.

దారి దొరికింది కూడా అక్కడే. రోలర్లు చుట్టించుకున్న మనిషి జుట్టు ఆరేదాకా ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. వచ్చిన ప్రతి ఆడమనిషీ చివరి పిన్ను పడగానే "ఇట్లియ్యమ్మా" అని చేతులు చాపుతుంది. మొన్న మిల్లు క్వార్టర్స్ నుంచి వచ్చిన ఆమె పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి పాలు కలిపి తెచ్చేలోపు పాప ఆమె చెవి పక్క పిన్ను లాగి, రోలరు ఊడదీసి, నోట్లో పెట్టుకుంది. తడి పాయ ఆమె భుజం మీద పడి నీళ్ళు కారుతోంది.

"ఏం కాదులే అమ్మా, ఒక్కటే కదా" అంది ఆమె, పాప నోట్లోంచి రోలరు లాగుతూ.

ఒక్కటే! ఆ ఒక్క పాయను మళ్ళీ దువ్వి, కాగితం పెట్టి, బిగువుగా చుట్టి, మళ్ళీ గంట ఆరనియ్యాలి. చుట్టాను.